మట్టి డోలు, రెండు నిషేధాలు

కరీబియన్ దీవుల చరిత్ర రాసినవాళ్ళంతా ఎక్కడో ఒకచోట డోలు దగ్గర ఆగారు. బానిసల తిరుగుబాట్ల గురించి చెప్పాలన్నా డోలే, కార్నివాల్ గురించి చెప్పాలన్నా డోలే, స్వాతంత్ర్యం వచ్చాక దేశానికొక గుర్తు కావలసి వచ్చినా డోలే. అయితే ఆ డోలు ఎప్పుడూ మగవాడి మెడలోనే కనిపిస్తుంది. దివిటీల వెలుగులో, వీధి మధ్యలో, పోలీసులకి ఎదురుగా నిలబడ్డ మగవాడు! ఆ ధైర్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. కాకపోతే డోలుకి వీధి చరిత్ర ఒక్కటే కాదు, పెరటి చరిత్ర కూడా ఉంది. వీధి చరిత్ర పోలీసు రికార్డుల్లోకి ఎక్కింది కాబట్టి మనదాకా వచ్చింది. పెరటి చరిత్ర ఆడవాళ్ళ పాటల్లో ఉండిపోయింది కాబట్టి చాలాకాలం అది చరిత్రే కాదనుకున్నారు. ఈ రెండింటినీ కలిపి చదవడానికి ట్రినిడాడ్‌లో మట్టితో చేసే ఒక డోలు నాకు దారి చూపించింది.

ఆ డోలు పేరు తాసా. తెలంగాణలో, రాయలసీమలో పీర్ల పండుగ చూసినవాళ్ళకి ఈ పేరు కొత్త కాదు, మనం తాషా అంటాం. పెర్షియన్‌లో తాస్ అంటే గిన్నె. పేరుకి తగ్గట్టే అడుగు గుండ్రంగా, మూతి వెడల్పుగా ఉన్న మట్టి గిన్నె అది. మూతికి మేకతోలు బిగిస్తారు. మెడకి తగిలించుకుని రెండు సన్నటి పుల్లలతో వాయిస్తారు. వాయించబోయే ముందు మంట దగ్గర పెట్టి తోలుని కాస్తారు. కాచితేనే తోలు బిగిసి ఖంగుమంటుంది. ట్రినిడాడ్ మేళంలో రెండు తాసాలు, ఒక పెద్ద డోలు, ఒక జత తాళాలు ఉంటాయి. తాసాల్లో ఒకటి నడకని పట్టి ఉంచుతుంది, దాన్ని ఫూలే అంటారు. రెండోది ఆ నడక మీద విరుపులు, ముక్తాయింపులు వేస్తూ పోతుంది, దాన్ని కట్టర్ అంటారు.

అక్కడ కొన్నాళ్ళు పాఠాలు చెప్పి వచ్చిన ఒక స్నేహితురాలు చగ్వానాస్ దగ్గర కుమ్మరి ఇంట్లో కొన్న తాసా గిన్నెని నాకు తెచ్చి ఇచ్చింది. తోలు బిగించలేదు, ఉత్త గిన్నె. బయట నున్నగా ఉంది, లోపల మాత్రం చక్రం మీద తిప్పినప్పుడు పడ్డ వేళ్ళ గీతలు అలాగే ఉన్నాయి. చగ్వానాస్ ప్రాంతంలో భారతీయ సంతతి కుమ్మరి కుటుంబాలు దీపావళికి ప్రమిదలు చేస్తారు, వాటిని అక్కడ దీయాలంటారు. ఆ చక్రం మీదే తాసా గిన్నెలూ తయారవుతాయి. ఇప్పుడు చాలామంది వాయిద్యకారులు లోహపు గిన్నెలకి మారారు. వాటికి తోలుని బోల్టులతో బిగించుకోవచ్చు, మంటతో పనిలేదు, కింద పడినా పగలదు. అందుకే మట్టి తాసా అడిగేవాళ్ళు తగ్గుతున్నారు.

ఆ వేళ్ళ గీతలు చూసినప్పుడు నాకు మొదట వచ్చిన ప్రశ్న, ఇవి ఎవరి వేళ్ళు అని. మన కుమ్మరి కులాల్లో చక్రం మగవాడిది. ఆడవాళ్ళు మట్టి తెస్తారు, జల్లెడ పడతారు, తొక్కుతారు, ఆరబెడతారు, ఆవం పేరుస్తారు, బజారుకి మోస్తారు. చక్రం మాత్రం ముట్టుకోకూడదు. ఓడలెక్కి సముద్రం దాటిన కుమ్మరం ఈ పని విభజనని కూడా తనతో మోసుకుపోయింది.

కానీ అదే కరీబియన్‌లో ఇంకో మట్టి చరిత్ర ఉంది. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన స్త్రీలు చక్రం లేకుండా, మట్టిని తాళ్ళుగా చేసి చుట్టలు చుట్టి, చేత్తో కుండలు కట్టారు. జమైకాలో యబ్బా అనే వంటపాత్ర అలా చేసిందే. 1992లో చనిపోయిన లూయీజా జోన్స్, అందరూ మా లూ అని పిలుచుకున్న ఆవిడ, తల్లినుంచి బిడ్డకి వస్తున్న ఆ విద్యని ఇరవయ్యో శతాబ్దం చివరిదాకా బతికించింది. ఆంటిగ్వాలో, నెవిస్‌లో, సెయింట్ లూసియాలో కూడా కుండ ఆడవాళ్ళ చేతి పనే. అంతకంటే ఆసక్తికరమైన సంగతి మరొకటుంది. నైజీరియాలోని ఇగ్బో ప్రజలకి ఉడు అనే వాద్యం ఉంది. ఉడు అంటే కుండే. నీళ్ళకుండకి పక్కన ఇంకో రంధ్రం పెట్టి, దాన్ని అరచేత్తో మూస్తూ తెరుస్తూ వాయిస్తారు. సంప్రదాయంగా వాయించేది ఆడవాళ్ళు. 1813లో ట్రినిడాడ్‌లో బానిసల పట్టిక తయారు చేసినప్పుడు, ఆఫ్రికాలో పుట్టినవాళ్ళలో అందరికంటే ఎక్కువమంది ఇగ్బోలే. ఓడ అడుగున గొలుసులతో వచ్చినవాళ్ళు కుండలు వెంట తెచ్చుకోలేరు. మట్టిని మోగించవచ్చునన్న జ్ఞానాన్ని మాత్రం ఏ గొలుసూ ఆపలేదు కదా.

ఇప్పుడు వీధి చరిత్ర దగ్గరికి వద్దాం. డోలుని తోటల యజమానులు ఎంత భయంతో చూశారో చట్టాలే చెప్తాయి. బార్బడోస్‌లో 1688 నాటి బానిస చట్టమే డోళ్ళని, కొమ్ముబూరల్ని వెతికి తగలబెట్టమంది. డోలు మోత ఒక తోటనుంచి ఇంకో తోటకి కబురు మోస్తుందని వాళ్ళకి తెలుసు. ట్రినిడాడ్‌లో 1834 తర్వాత, విముక్తి పొందిన నల్లవాళ్ళు కార్నివాల్ మొదటిరోజు తెల్లవారకముందే దివిటీలు పట్టుకుని, డోళ్ళు వాయిస్తూ ఊరేగేవాళ్ళు. దాన్ని కాన్‌బూలే అనేవాళ్ళు. 1881లో పోలీసు అధికారి కెప్టెన్ బేకర్ దాన్ని ఆపబోతే పోర్ట్ ఆఫ్ స్పెయిన్ వీధుల్లో పెద్ద పోరాటమే జరిగింది. 1884లో శాంతిరక్షణ చట్టం తెచ్చి దివిటీలని, డోళ్ళని, కర్రలు పట్టుకుని పదిమంది గానీ అంతకు మించి గానీ గుమికూడటాన్ని నిషేధించారు.

అదే 1884లో, అక్టోబర్ 30న, శాన్ ఫెర్నాండో ఊరి బయట ఇంకో ఊరేగింపు మీద తుపాకులు పేలాయి. అది మొహర్రం. హుస్సేన్ పేరు ఆ దీవిలో హోసే అయింది. చెరకు తోటల కూలీలు, ముస్లింలతో పాటు హిందువులూ, వాళ్ళతో కలిసి ఆఫ్రికన్ సంతతివాళ్ళూ తాసాలు వాయిస్తూ తాజియాలు మోసుకెళ్ళేవాళ్ళు. ఊరేగింపులు పట్టణాల్లోకి రాకూడదని ఆ ఏడాది కొత్త నిబంధనలు పెట్టారు. కూలీలు లెక్కచేయలేదు. కాల్పుల్లో పదహారుమందికి తక్కువ కాకుండా చనిపోయారు, వందమందికి పైగా గాయపడ్డారు. అక్కడి చరిత్ర దాన్ని జహాజీ మారణకాండగా గుర్తుపెట్టుకుంది.

కాన్‌బూలేని, హోసేని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడాలి. బానిసత్వం పోయాక నల్లవాళ్ళు తోటలు వదిలేశారని, వాళ్ళ కూలి రేట్లు పడగొట్టడానికే భారతీయుల్ని తెచ్చారు. రెండు జాతులూ ఒకరినొకరు అనుమానంగా చూసుకోవడం యజమానులకి లాభం. కానీ ప్రభుత్వం భయపడింది రెండు డోళ్ళకీ. మూడేళ్ళ తేడాలో రెండింటినీ బలప్రయోగంతో అణిచింది. ఇద్దరూ పంచుకున్న చరిత్ర అంటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఇదే.

మరి ఆడవాళ్ళెక్కడ? కాన్‌బూలే వీధుల్లో వాళ్ళున్నారు. బారక్ ఇళ్ళల్లో కాపురముంటూ బట్టలు ఉతికి, వంటలు చేసి బతికిన నల్ల స్త్రీలు పాటకి ముందుండి గొంతెత్తేవాళ్ళు, కర్రసాములో మగవాళ్ళతో తలపడేవాళ్ళు. పెద్దమనుషులు వాళ్ళని జామెట్లు అన్నారు. మర్యాదకి గీసిన గీత అవతల ఉన్నవాళ్ళని ఆ మాట భావం. డోలుని ఆపాలని వాదించినవాళ్ళు శాంతిభద్రతల గురించి ఎంత మాట్లాడారో, ఈ ఆడవాళ్ళ నడుముల గురించి కూడా అంతే మాట్లాడారు. డోలు మీద నిషేధం ఆడదాని శరీరం మీద నిషేధంతో కలిసే వచ్చింది.

భారతీయ స్త్రీల సంగతి కొంచెం వేరు. 1845 మే 30న ఫతేల్ రజాక్ ఓడ 225 మందితో ట్రినిడాడ్ చేరింది. 1917లో ఈ వలస ఆగిపోయేలోగా ఆ ఒక్క దీవికే దాదాపు 1,44,000 మంది వచ్చారు. మగవాళ్ళు నూరుమందికి కనీసం నలభైమంది ఆడవాళ్ళు ఉండాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది. ఆ నలభైమందిని చూపించడానికి ఏజెంట్లు నానా తంటాలు పడేవాళ్ళు. 1985లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రోడా రెడాక్ రాసిన వ్యాసం మనం తప్పక చదవాల్సింది. ఆ స్త్రీలలో చాలామంది భర్తల వెంట నడిచిన సతులు కారని, తమంతట తామే పనికోసం బయల్దేరిన ఒంటరి స్త్రీలని ఆవిడ చూపించారు. వితంతువులు, మొగుడు వదిలేసినవాళ్ళు, మొగుణ్ణి వదిలేసినవాళ్ళు, కరువుకి ఇల్లు విడిచినవాళ్ళు. తన ముత్తవ్వ జాడ వెతుకుతూ గయుత్రా బహదూర్ 2013లో వెలువరించిన 'కూలీ వుమన్' పుస్తకం కూడా ఇదే దారిలో నడుస్తుంది. దొరలు వీళ్ళని చెడిపోయినవాళ్ళన్నారు. ఈ కూలీ పద్ధతిని రద్దు చేయాలని పోరాడిన మన జాతీయవాదులకి కూడా వీళ్ళలో కూలీలు కనపడలేదు, మంటగలిసిన దేశ గౌరవం మాత్రమే కనపడింది.

ఈ స్త్రీలే పెరట్లో ఒక డోలు చరిత్రని నిలబెట్టారు. దాని పేరు మాటికోర్. పెళ్ళి ఆదివారం అనుకుంటే శుక్రవారం రాత్రి ఆడవాళ్ళంతా కలిసి నీటి ఒడ్డుకో, చెట్టు కిందికో ఊరేగింపుగా వెళ్తారు. తాసా మోగుతుంది. భూదేవికి పూజ చేసి, మట్టి తవ్వి, పళ్ళెంలో పెట్టుకుని ఇంటికి తెస్తారు. పెళ్ళి వేదికకి ఆ మట్టే పునాది. తర్వాత పెరట్లో మగవాళ్ళని దూరం పెట్టి పాటలు మొదలుపెడతారు. మొదటిరాత్రి గురించి పెళ్ళికూతురికి ఎవరూ చెప్పని విషయాలన్నీ ఆ పాటల్లో, ఆ ఆటల్లో ఉంటాయి. ముసలవ్వలు నడుం తిప్పి చూపిస్తారు. మగవాణ్ణి అనుకరించి నవ్విస్తారు. ఢోలక్ దొరికితే ఢోలక్, లేకపోతే ఇత్తడి లోటా, చెంచా.

గయానాలో ఈ తంతుకే ఇంకో పేరుంది, డిగ్ డటీ. డిగ్ అంటే తవ్వడం. డటీ అంటే అక్కడి క్రియోల్‌లో మట్టి. వినడానికి మురికి అనే అర్థమున్న ఇంగ్లీషు మాటలా ఉన్నా, పశ్చిమాఫ్రికాలోని ట్వి భాషలో మట్టికి, బంకమన్నుకి ఉన్న మాటే దీనికి మూలమని భాషా పండితులు చెప్తారు. ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. బీహారు పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్ళ పెళ్ళి తంతుకి, ఆఫ్రికా నుంచి బానిసలు తెచ్చిన మాట పేరైంది. పక్క పక్క బారకాసుల్లో బతికిన వాళ్ళు ఒకరి మట్టిని ఇంకొకరి మాటతో పిలిచారు. ఏ ఉత్సవ కమిటీ తీర్మానమూ లేకుండా జరిగిన కలయిక ఇది. పంచుకున్న వారసత్వం గురించి నాయకులు ఇచ్చే ఉపన్యాసాలన్నిటికంటే నాకు ఈ ఒక్క మాట ఎక్కువ చెప్పింది.

ఇంకో విషయం. ట్రినిడాడ్‌లో 1940ల మధ్యలో ప్రత్యేక చట్టం వచ్చేదాకా హిందూ పెళ్ళికి చట్టం దృష్టిలో విలువ లేదు. పురోహితుడు చేయించిన పెళ్ళి పెళ్ళి కాదు, పుట్టిన పిల్లలు అక్రమ సంతానం. దాదాపు వందేళ్ళపాటు ఆ పెళ్ళిళ్ళకి సాక్ష్యం ఎవరు? తవ్విన మట్టి, పాడిన ఆడవాళ్ళు. 1884 తుపాకులు వీధుల్ని చూశాయి, ఈ పెరళ్ళని చూడలేదు. ఆడవాళ్ళ పాటలకి భయపడాల్సింది ఏముందని దొరలు అనుకుని ఉంటారని నాకనిపిస్తుంది. ఆ చిన్నచూపే మాటికోర్‌కి రక్షణ అయింది.

మనకి ఇది పరాయి విషయంగా అనిపించదు. మా అమ్మమ్మగారి ఊళ్ళో పెళ్ళికి ముందు ఐరేని కుండల కోసం ఆడవాళ్ళు డప్పుతో కుమ్మరి ఇంటికి వెళ్ళడం నేను చూశాను. దారంతా వియ్యపురాళ్ళని ఆడిపోసుకునే పాటలు. పగలు పల్లెత్తు మాట అనని మా పెద్దత్త ఆ రోజు పాడిన పాటలు విని నేను నోరెళ్ళబెట్టాను. ఇప్పుడు ఆ కుండలు ఫంక్షన్ హాలుకి ఆటోలో వస్తున్నాయి. పాటల స్థానంలో స్పీకర్లున్నాయి. ఎవరూ నిషేధించలేదు, సిగ్గుపడ్డాం, అంతే.

మన సంబంధం అక్కడితో ఆగదు. మద్రాసు రేవు నుంచి కూడా కొన్ని వేలమంది గయానా, ట్రినిడాడ్‌లకి వెళ్ళారు. ఎక్కువమంది తమిళులు, వాళ్ళతో తెలుగువాళ్ళూ ఉన్నారు. అక్కడ అందరూ మద్రాసీలే అయ్యారు. మన భాష పేరు కూడా మిగల్లేదు. కానీ గయానాలోని బెర్బీస్ ప్రాంతంలో మారియమ్మ కొలువుల్లో తప్పు మోగుతుంది. మన డప్పుకి అన్నలాంటి వాద్యం, దాన్నీ మంట దగ్గరే కాస్తారు. జంతుబలి ఉందని, పూనకం ఉందని, ఆ కొలువుల్ని అక్కడి సనాతన హిందూ సంస్థలు చాలాకాలం చిన్నచూపు చూశాయి. కులం సముద్రంలో కరిగిపోయిందంటారు. కానీ తోలు ముట్టుకున్న చేతిమీద మైల ముద్ర అంత తేలిగ్గా కరగదని డప్పు చరిత్ర తెలిసిన మనకి వేరే చెప్పాలా? మట్టి, తోలు, మంట, మూడూ కింది కులాల చేతిపని. వాటికి ఆడవాళ్ళ పాట తోడైతే ఇక పెద్దమనుషుల లెక్కలో అది సంగీతమే కాదు.

రెండో నిషేధం అక్కణ్ణించే వచ్చింది. 1970 ప్రాంతంలో సుందర్ పోపో పాటలతో మొదలై, మాటికోర్ పాటల వరసలు, తాసా నడకలు పెరడు దాటి రికార్డుల్లోకి, వేదికల మీదికి వచ్చాయి. దాన్ని చట్నీ సంగీతం అన్నారు. 1987లో ద్రౌపతీ రాంగూనాయ్ అనే యువతి దాన్ని ఆఫ్రికన్ ట్రినిడాడ్ సంగీతమైన సోకాతో కలిపి చట్నీ సోకా పాడింది. మరుసటి ఏడాది తాసా వాయించే బిసేసర్ అనే అతన్ని పిలుస్తూ ఆవిడ పాడిన పాట దేశమంతా మోగింది. అంతకుముందు మగవాళ్ళు వాయిస్తే ఆడవాళ్ళు ఆడేవాళ్ళు. ఇప్పుడు ఒక ఆడది మైకు పట్టుకుని తాసావాడికి, వాయించు అని చెప్పింది.

దుమారం లేచింది. భారతీయ స్త్రీ కార్నివాల్‌లో పాడటమా, నల్లవాళ్ళ సంగీతంతో కలవడమా, వేలమంది ముందు నడుం తిప్పడమా అని పత్రికలకి ఉత్తరాలు రాశారు, వేదికల మీద ఖండించారు. చట్నీ సభల్లో ఆడే స్త్రీల వల్ల జాతి పరువు పోతోందన్నారు. అదే ఆట, అదే పాట పెరట్లో ఉన్నంతకాలం ఎవరికీ అభ్యంతరం లేదు! నూరేళ్ళ క్రితం నల్ల జామెట్ల గురించి తెల్లదొరలు వాడిన మాటలే, ఇప్పుడు భారతీయ పెద్దలు తమ ఆడపిల్లల మీద వాడారు. మర్యాద అనే గీత చేతులు మారింది, గీత మాత్రం అలాగే ఉంది. ఈ వివాదం నడుమ కరీబియన్ స్త్రీవాదులు మాటికోర్‌ని కొత్తగా చదివారు. 1999లో రోజాన్ కన్హాయ్ సంపాదకత్వంలో ఇండో కరీబియన్ స్త్రీల మీద వచ్చిన వ్యాస సంకలనానికి మాటికోర్ అనే పేరే పెట్టారు.

నల్ల స్త్రీల డోలుకీ ఇలాంటి కథే ఉంది. తోలు డోళ్ళని నిషేధించాక వెదురుబొంగుల్ని నేలకేసి కొట్టి తాళం పుట్టించారు. 1930ల చివర్లో బిస్కెట్ డబ్బాలు, పెయింటు డబ్బాలు, ఆ తర్వాత నూనె పీపాల నుంచి స్టీల్ పాన్ పుట్టింది. చాలాకాలం అది వీధి రౌడీల వాద్యమని ఆడపిల్లల్ని దగ్గరికి రానివ్వలేదు. 1950ల మొదట్లో హేజల్ హెన్లీ నాయకత్వంలో గర్ల్ పాట్ అనే ఆడవాళ్ళ బృందం తయారైతే అది పెద్ద వింత. 1992లో ప్రధాని పాట్రిక్ మానింగ్ స్టీల్ పాన్‌ని జాతీయ వాద్యమని ప్రకటించాడు. 2024లో పార్లమెంటు దానికి చట్టబద్ధత కూడా ఇచ్చింది. తాసాకి కూడా ఆ హోదా ఇవ్వాలని భారతీయ సంతతివాళ్ళు అడుగుతూనే ఉన్నారు.

ఆ కోరిక న్యాయమైనదే. కానీ జాతీయ వాద్యం అనే గౌరవం అందాక ఆ డోలు పక్కన ఎవరి బొమ్మ పెడతారన్నది నా ప్రశ్న. 1884లో కాల్పులకి ఎదురు నిలిచిన వాయిద్యకారుడి బొమ్మ తప్పకుండా ఉండాలి. మట్టి తొక్కి ఆవం పేర్చిన కుమ్మరి స్త్రీ బొమ్మ ఉంటుందా? చక్రం లేకుండా కుండ కట్టిన యబ్బా స్త్రీ, శుక్రవారం రాత్రి చట్టం గుర్తించని పెళ్ళికి మట్టి తవ్విన అవ్వ ఉంటారా? ఇప్పుడు తాసా బృందాల్లో ఆడపిల్లలు కూడా మెడలో డోలు వేసుకుని వాయిస్తున్నారు. వాళ్ళ చేతిలో ఉన్నది లోహపు తాసా అయినా నాకు బెంగ లేదు. వాద్యాలు మారతాయి, మారాలి కూడా. మట్టి తాసాతో పాటు ఆ మట్టి తవ్విన ఆడవాళ్ళని కూడా చరిత్ర జారవిడుచుకుంటుందేమోనన్నదే బెంగ.

మాటికోర్ పాటలు పాడిన తరం అక్కడ వెళ్ళిపోతోంది, ఐరేని కుండల పాటలు పాడిన తరం ఇక్కడ. టేప్ రికార్డరో, సెల్‌ఫోనో, నోటు పుస్తకమో పట్టుకుని వాళ్ళ దగ్గర కూర్చునే పని మనదే. అసభ్యం అని తీసేయకుండా, సిగ్గని దాటేయకుండా, వాళ్ళు పాడింది పాడినట్టు రాసుకోవాలి. రెండు నిషేధాల్నీ తట్టుకుని ఆ పాటలు ఇంతదాకా వచ్చాయి. మన మొహమాటం మూడో నిషేధం కాకూడదు.